ముందు మనం, తర్వాత పిల్లలు: ప్రాథమిక తరగతుల చదువులో ఇంటర్నెట్ వాడకం



కిండర్‌గార్టెన్ నుంచి 6వ గ్రేడు వరకు చదివే పిల్లలకు ఇంట్లోనో, సండే స్కూల్‌లోనో ఏదో ఒకటి నేర్పుతున్న ప్రతివారి కోసం ఈ పాఠం. తల్లిదండ్రులు, ఊరి నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న అమ్మమ్మలు, తాతయ్యలు, ఆదివారం చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకునే అక్కలు, అన్నలు అందరూ ఇందులోకి వస్తారు. నేనుండేది స్కార్‌బరోలో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే ఇస్తాను. పద్ధతి మాత్రం మీరు డాలస్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా ఒకటే.

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తానని తెలిసినవాళ్లు ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర తరచుగా అడిగే మాట ఒకటుంది: "పిల్లల చదువుకి మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పు తమ్ముడూ." మంచివి చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఉచితం కూడా. పేర్లు కింద చెప్తాను. కానీ అంతకంటే ముందు మనం వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ యాప్ తెరిచినప్పుడు పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుంటారు?

ఎందుకు పట్టించుకోవాలి?

మనలో చాలామంది ఆంధ్రలోనో, తెలంగాణలోనో చదువుకుని వచ్చాం. ఎక్కాలు వల్లె వేశాం. భిన్నాలంటే లవం, హారం అని నేర్చుకున్నాం. ఇక్కడ బడి నుంచి వచ్చిన పిల్లవాడు గళ్లు గీసి గుణకారం చేస్తుంటే "ఇదేం లెక్కరా?" అంటాం. "మా టీచర్ ఇలాగే చెప్పింది, నీకు తెలీదులే మమ్మీ" అంటాడు వాడు. రెండు మూడుసార్లు ఇలా జరిగాక వాడు అడగడం మానేస్తాడు, మనం చెప్పడం మానేస్తాం. ఆ ఖాళీలోకి ట్యాబ్లెట్ వచ్చి కూర్చుంటుంది.

దీనివల్ల మార్కులు తగ్గకపోవచ్చు. పిల్లలు తెలివైనవాళ్లు, ఎలాగో నెట్టుకొస్తారు. కానీ తనకు తెలియనిదాన్ని అమ్మానాన్నల దగ్గరికి తెచ్చే అలవాటు పోతుంది. 10 ఏళ్లప్పుడు లెక్క తేని పిల్లవాడు 15 ఏళ్లప్పుడు మనసులోని బాధను తెస్తాడని ఎలా అనుకుంటాం? అందుకే ఈ చిన్న విషయం చిన్నది కాదు.

ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంటర్నెట్ ముందుగా నేర్పవలసింది పిల్లలకు కాదు, వాళ్లకు నేర్పే మనకు. మనం ముందు నేర్చుకుని, తర్వాత పిల్లల పక్కన కూర్చుంటే అదే ఇంటర్నెట్ వాళ్ల చదువును నిజంగా బలపరుస్తుంది.

ఖాన్ అకాడమీ పేరు మీరు వినే ఉంటారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఆ సంస్థ ఎలా మొదలైందో గమనించండి. 2004లో బోస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న సల్మాన్ ఖాన్, వేరే ఊళ్లో ఉన్న తన బంధువుల అమ్మాయి నాదియాకు లెక్కల్లో సాయం చేయడం మొదలుపెట్టాడు. వీడియోలు ఆ తర్వాత 2006లో వచ్చాయి. అంటే ముందు ఒక పెద్దవాడు, తనకు బాగా తెలిసిన ఒక పాప, ఆ పాపకు రాని ఒక లెక్క. సాంకేతికత తర్వాత వచ్చింది. మనం కూడా ఆ వరుసనే పాటిద్దాం.

1. ఈ వారం బడిలో ఏం చెప్తున్నారో తెలుసుకోండి

"లెక్కలకు మంచి వీడియో" అని వెతికితే వేలల్లో వస్తాయి. "5వ గ్రేడు, రెండంకెల గుణకారం" అని వెతికితే పనికొచ్చేవి నాలుగైదు మిగులుతాయి. కాబట్టి మొదటి మెట్టు వెతకడం కాదు, దేనికోసం వెతకాలో తెలుసుకోవడం.

ఒంటారియోలో ఏ గ్రేడులో ఏం నేర్పాలో రాష్ట్ర ప్రభుత్వం తన పాఠ్యప్రణాళిక వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచింది. తల్లిదండ్రుల కోసం సులువుగా రాసిన వివరణలు కూడా అక్కడ ఉన్నాయి. లెక్కల ప్రణాళిక 2020లో, సైన్సు ప్రణాళిక 2022లో, ఇంగ్లీషు భాషా ప్రణాళిక 2023లో మారాయి. మీ పెద్దమ్మాయి చదివినప్పటి పాఠాలు మీ చిన్నవాడికి ఇప్పుడు అలాగే ఉండకపోవచ్చు.

ఒంటారియో ప్రభుత్వ విద్యా ప్రసార సంస్థ అయిన టీవీఓ, "టీవీఓ లర్న్" అనే పేరుతో గ్రేడుల వారీగా, సబ్జెక్టుల వారీగా పాఠాలను ఉచితంగా ఇస్తోంది. ఇక్కడి ప్రణాళికకు తగ్గట్టుగా ఉంటాయి కాబట్టి మొదట అక్కడ చూడండి. 3వ, 6వ గ్రేడుల్లో రాష్ట్రమంతా జరిగే ఈక్యూఏఓ పరీక్షల నమూనా ప్రశ్నలు ఆ సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. డబ్బు పెట్టి పుస్తకాలు కొనే ముందు వాటిని ఒకసారి చూడండి. ఇంగ్లండులో ఉన్నవారికి బీబీసీ బైట్‌సైజ్, 2020 లాక్‌డౌన్ రోజుల్లో మొదలైన ఓక్ నేషనల్ అకాడమీ ఇలాంటి పనే చేస్తున్నాయి.

అన్నిటికంటే సులువైన దారి ఇంకోటి ఉంది. "వచ్చే రెండు వారాల్లో ఏ పాఠం చెప్పబోతున్నారు?" అని టీచరుకు రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి. అడిగిన తల్లిదండ్రుల్ని ఏ టీచరూ తక్కువగా చూడరు.

2. ముందు మీరు నేర్చుకోండి

పైన చెప్పిన గళ్ల గుణకారాన్నే తీసుకుందాం. 23ని 14తో గుణించాలి. మన పద్ధతిలో ముందు 4తో గుణించి 92 రాస్తాం. కింద ఒక స్థానం వదిలి 1తో గుణించి 23 రాస్తాం. కూడితే 322.

ఇక్కడ 5వ గ్రేడులో ఒక దీర్ఘచతురస్రం గీసి దాన్ని నాలుగు గళ్లు చేస్తారు. పైన 20, 3 అని రాస్తారు. పక్కన 10, 4 అని రాస్తారు. పై వరుసలో 20×10 అంటే 200, 3×10 అంటే 30. కింది వరుసలో 20×4 అంటే 80, 3×4 అంటే 12. అన్నీ కూడితే 322.

ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కింది వరుస 80, 12 కలిపితే మన 92. పై వరుస 200, 30 కలిపితే 230. మనం "ఒక స్థానం వదిలి" రాసిన 23 నిజానికి 230 అన్నమాట. 1తో గుణిస్తున్నామని మనం అనుకున్నాం, నిజానికి గుణించింది 10తో. ఆ స్థానం ఎందుకు వదలాలో మనకు చిన్నప్పుడు చాలామందికి ఎవరూ చెప్పలేదు. గళ్లు ఆ సంగతి చెప్తున్నాయి. రెండూ ఒకటే లెక్క.

ఇది అర్థమయ్యాక మీరు పిల్లవాడితో మాట్లాడే తీరే మారిపోతుంది. "మీ టీచరు చెప్పినట్టు నువ్వు చెయ్యి, మా మాస్టారు చెప్పినట్టు నేను చేస్తాను, జవాబు కలుస్తుందేమో చూద్దాం" అనవచ్చు. వాడి పద్ధతికి గౌరవం దక్కింది, మీ ఎక్కాలకూ పని దొరికింది. గళ్ల పద్ధతికీ ఎక్కాలు రావాలి కదా!

ఇలాంటివి కళ్లకు కట్టినట్టు చూపించే వెబ్‌సైటు "ఫెట్". నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. గళ్ల గుణకారం, భిన్నాలు, తూకం, విద్యుత్ వలయాలు వంటివాటిని తెర మీద మన చేత్తో కదిలిస్తూ నేర్చుకోవచ్చు. ఖాతా అక్కర్లేదు, ప్రకటనలు లేవు. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. పిల్లలు పడుకున్నాక ఒక 15 నిమిషాలు మీరు ఒక్కరే దానితో ఆడి చూడండి. మర్నాడు పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగం మీకు ముందే తడతాయి.

3. తెర మీద మొదలుపెట్టి బయట ముగించండి

ప్రాథమిక తరగతుల పిల్లలు చేత్తో ముట్టుకుని, కంటితో చూసి నేర్చుకుంటారు. తెర మీద చూసింది తెర మీదే ముగిస్తే అది కార్టూన్లలో ఒకటిగా కలిసిపోతుంది. స్కార్‌బరోలో ఉన్నవాళ్లకు ఈ విషయంలో పెద్ద వరం ఉంది.

4వ గ్రేడు సైన్సులో రాళ్లు, ఖనిజాలు, భూమి పొరలు ఎలా మారతాయన్న పాఠం ఉంది. మన ఇళ్లకు దగ్గర్లోనే స్కార్‌బరో బ్లఫ్స్ ఉన్నాయి. ఒంటారియో సరస్సు ఒడ్డున దాదాపు 15 కిలోమీటర్ల పొడవున్న ఆ చరియలు, ఎత్తైన చోట సుమారు 90 మీటర్లు ఉంటాయి. మంచుయుగంలో పేరుకున్న ఇసుక, బంకమట్టి పొరలు అక్కడ పుస్తకంలో పేజీల్లా కనిపిస్తాయి. 1793లో ఎలిజబెత్ సిమ్కో ఆ చరియల్ని చూసి ఇంగ్లండులోని స్కార్‌బరోను గుర్తు చేసుకుని ఈ ప్రాంతానికి ఆ పేరు పెట్టింది. పిల్లవాడు రోజూ అడ్రసులో రాసే పేరు వెనక ఆ మట్టిగోడలే ఉన్నాయి.

ఈ పాఠాన్ని ఇలా నడపవచ్చు. శనివారం పొద్దున గూగుల్ ఎర్త్‌లో బ్లఫ్స్ చూపించండి. అందులో టైమ్‌లాప్స్ అనే భాగంలో 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు వరసగా కదులుతాయి. సరస్సు ఒడ్డు, చుట్టూ ఊరు ఏమైనా మారాయా అని అడగండి. "ఈ గోడ ఎందుకు విరిగిపడుతోంది?" అన్న ఒక్క ప్రశ్నను కాగితం మీద రాయించండి. తర్వాత కంప్యూటర్ మూసేసి బ్లఫర్స్ పార్కుకు తీసుకెళ్లండి. కింది ఒడ్డు నుంచి, దూరంగా నిలబడి పొరలు లెక్కపెట్టించండి. చరియల అంచు మీదికిగానీ, సరిగ్గా కిందికిగానీ వెళ్లనివ్వకండి, మట్టి కూలుతుంది. ఇంటికొచ్చాక ఒక ట్రేలో ఇసుక, ఇంకో ట్రేలో బంకమట్టి పోసి, ఒకే ఎత్తు నుంచి నీళ్లు పోసి చూడమనండి. వాడి ప్రశ్నకు జవాబు వాడే రాస్తాడు.

మీ ఇంట్లో కోనసీమ నుంచి వచ్చిన తాతయ్య ఉంటే ఆ సాయంత్రం ఆయన్ని మాట్లాడనివ్వండి. గోదావరి లంకల్లో ఒడ్డు కోసుకుపోయి కొబ్బరిచెట్లు ఏట్లో పడటం ఆయన చూసే ఉంటారు. అదే శాస్త్రం, వేరే నీళ్లు. మనవడికి తాతయ్య ఊరు అప్పుడు ఒక పాఠంగా కనిపిస్తుంది.

మొక్కలు, పురుగుల పాఠాలకు "సీక్" అనే యాప్ ఉంది. ఫోను కెమెరాను ఆకు మీదికి తిప్పితే దాని పేరు చెప్పడానికి ప్రయత్నిస్తుంది. ఖాతా తెరవనక్కర్లేదు కాబట్టి పిల్లలకు క్షేమం. దాన్ని పట్టుకుని 2015లో ఏర్పడిన రూజ్ జాతీయ నగర ఉద్యానవనంలో ఒక గంట నడవండి. ప్రవేశానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఫోను మీ చేతిలోనే ఉండనివ్వండి. ఏ ఆకును చూడాలో పిల్లలు చెప్పనివ్వండి.

4. చదివే అలవాటు: రెండు భాషలు, ఒకే ఒడి

2022లో ఒంటారియో మానవ హక్కుల సంఘం పిల్లల చదివే హక్కు మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. చిన్న తరగతుల్లో అక్షరాలకు, శబ్దాలకు ఉన్న సంబంధాన్ని వరుసక్రమంలో నేర్పాలని అది గట్టిగా చెప్పింది. 2023లో మారిన భాషా ప్రణాళిక ఆ దారిలోనే ఉంది. మనకు ఇది కొత్తేమీ కాదు. క, కా, కి, కీ అంటూ గుణింతాలు దిద్దిన మనం శబ్దం నుంచే చదువు మొదలుపెట్టాం. చిన్నపిల్లలకు ఇంగ్లీషు శబ్దాలు ఆటలా నేర్పడానికి "ఖాన్ అకాడమీ కిడ్స్" బాగుంటుంది. 2 నుంచి 8 ఏళ్ల వారి కోసం చేశారు. ఉచితం, ప్రకటనలు ఉండవు.

టొరంటో పబ్లిక్ లైబ్రరీకి నగరంలో 100 శాఖలున్నాయి. సెడార్‌బ్రే, ఆజిన్‌కోర్ట్, మాల్వర్న్, ఆల్బర్ట్ క్యాంప్‌బెల్ శాఖలు మన స్కార్‌బరోలోనే ఉన్నాయి. నగరవాసులకు కార్డు ఉచితం. ఆ కార్డుతో "లిబ్బీ" యాప్‌లో పిల్లల ఈ-పుస్తకాలు, విని చదివే పుస్తకాలు ఇంటి నుంచే తీసుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ లేనివారు లైబ్రరీలోని కంప్యూటర్లను వాడుకోవచ్చు. కొత్తగా వచ్చిన కుటుంబం మీ సహవాసంలో ఉంటే వారిని ఒకసారి వెంటబెట్టుకుని వెళ్లి కార్డు ఇప్పించండి. అంతకంటే ఉపయోగపడే స్వాగతం నాకు తోచడం లేదు.

ఇక తెలుగు. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో "స్టోరీవీవర్" అనే వేదికను తెరిచింది. బొమ్మల కథలు అనేక భాషల్లో, నాలుగు స్థాయిల్లో ఉంటాయి. తెలుగు కథలు కూడా బాగానే ఉన్నాయి. ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరకడం మనకు పెద్ద సౌకర్యం. సృష్టికర్తల పేర్లు చెప్పి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, తరగతిలో చూపించవచ్చు. అలాంటి అనుమతితోనే వాటిని పెట్టారు.

చాలామందికి తెలియని ఇంకో నిధి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో ఇంగ్లీషు ఉంటే ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. వాటి పీడీఎఫ్‌లను ఉచితంగా దింపుకోవచ్చు. పాఠాల్లో ఉండే క్యూఆర్ గుర్తును ఫోనుతో చూస్తే భారత ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన "దీక్ష" వేదికలోని వీడియోలు తెరుచుకుంటాయి.

దీన్ని ఎలా వాడాలంటే, 3వ తరగతి పరిసరాల పుస్తకంలోంచి ఒక పాఠం అచ్చు వేయండి. మనవరాలు ఇంగ్లీషు పేజీలో ఒక పేరా చదవాలి. అమ్మమ్మ తెలుగు పేజీలో అదే పేరా చదవాలి. తెలియని మాట ఎవరికి ఎదురైనా రెండోవాళ్లు చెప్పాలి. ఇంగ్లీషు రాదని అమ్మమ్మ, తెలుగు రాదని మనవరాలు ఒకరికొకరు దూరంగా కూర్చునే ఇళ్లలో ఈ పావుగంట చేసే మేలు అంతా ఇంతా కాదు. అమ్మమ్మ ఆ ఇంట్లో టీచరవుతుంది.

5. కోడింగ్ గురించి భయం వద్దు

2020 లెక్కల ప్రణాళికలో 1వ గ్రేడు నుంచే కోడింగ్ ఉంది. ఇది విని చాలామంది ఖరీదైన క్లాసుల్లో చేర్పిస్తున్నారు. ఈ పనితోనే బతుకుతున్నవాడిగా చెప్తున్నాను, చిన్న తరగతుల్లో కావలసింది చాలా తక్కువ. 1వ గ్రేడులో పనుల్ని వరుసగా చెప్పడం, 3వ గ్రేడుకు మళ్లీ మళ్లీ చేయించడం, 5వ గ్రేడుకు "ఇలా అయితే అలా చెయ్యి" అనే షరతు. వంటింట్లో అట్లు వేయడం ఎలాగో మెట్లు మెట్లుగా చెప్పమనండి. "పెనం కాగకపోతే ఆగు. పిండి ఉన్నంతసేపు వేస్తూ ఉండు." వరుస, షరతు, పునరావృతం మూడూ అందులో వచ్చేశాయి.

తర్వాత తెర మీదికి వెళ్లండి. 5 నుంచి 7 ఏళ్ల వారికి "స్క్రాచ్ జూనియర్", 8 ఏళ్లు దాటినవారికి ఎంఐటీ 2007లో విడుదల చేసిన "స్క్రాచ్" సరిపోతాయి. రెండూ ఉచితం. స్క్రాచ్‌ను కంప్యూటర్‌లోకి దింపుకుంటే ఖాతా లేకుండా, ఇంటర్నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. చిన్నపిల్లలకు అదే మంచిది.

6. సండే స్కూల్‌లో ఇదే పద్ధతి

మన సండే స్కూల్ టీచర్లు వారమంతా ఉద్యోగం చేసి, శనివారం రాత్రి పాఠం సిద్ధం చేసుకుంటారు. వారి అవస్థ నాకు తెలుసు. ఆ తొందరలో 20 నిమిషాల కార్టూన్ పెట్టేస్తే క్లాసు గడిచిపోతుంది కానీ పిల్లల నోట ఒక్క ప్రశ్న రాదు.

ఒక చిన్న ప్రయత్నం చేయండి. యేసు పుట్టుక పాఠం రోజున గూగుల్ ఎర్త్ తెరిచి నజరేతు, బేత్లెహేము వెతకమనండి. కొలిచే పనిముట్టుతో మధ్య దూరం కొలవమనండి. గీత గీసినట్టు చూస్తే సుమారు 110 కిలోమీటర్లు వస్తుంది. స్కార్‌బరో నుంచి కిచెనర్ వరకు కొలిచినా దాదాపు అంతే. "నిండు చూలాలు, కారు లేదు, రోడ్డు లేదు. ఎన్ని రోజులు పట్టి ఉంటుంది? రాత్రుళ్లు ఎక్కడ పడుకుని ఉంటారు?" అని అడగండి. తెర మూసేయండి. మిగిలిన సమయం పిల్లలదే. 5 నిమిషాల ఇంటర్నెట్, 25 నిమిషాల మాట. ఈ నిష్పత్తిని గుర్తుపెట్టుకోండి.

7. నాలుగు జాగ్రత్తలు

వివరాలు. పిల్లల పూర్తి పేరు, పుట్టినతేదీ, బడి పేరు, ఫోటో అడిగే యాప్ దేన్నైనా అనుమానించండి. 2024 డిసెంబరులో బడులు వాడే పవర్‌స్కూల్ వ్యవస్థ నుంచి వివరాలు దొంగల చేతికి వెళ్లాయి. టొరంటో డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు విద్యార్థుల వివరాలు కూడా అందులో ఉన్నాయి. బడికి ఇవ్వక తప్పదు. ఆటల యాప్‌కు ఇవ్వనక్కర్లేదు. ఖాతా తప్పనిసరైతే మీ ఈమెయిల్‌తో తెరిచి, పిల్లల పేరు బదులు ముద్దుపేరు పెట్టండి.

వీడియోలు. ఒక వీడియో అయ్యాక తనంతట తనే ఇంకోటి మొదలయ్యే ఆటోప్లేను ఆపేయండి. వీడియోను మీరు ముందు చివరిదాకా చూడండి. క్లాసులో చూపించేటప్పుడు మధ్యలో రెండుసార్లు ఆపి, "తర్వాత ఏమవుతుందనుకుంటున్నారు?" అని అడగండి.

కృత్రిమ మేధ. చాట్‌జీపీటీ వంటివి తప్పును కూడా ధీమాగా చెప్తాయి. పైగా దాన్ని వాడటానికి కనీస వయసు 13 ఏళ్లు. ప్రాథమిక తరగతుల పిల్లల చేతికి ఇవ్వకండి. మీరు వాడుకోండి. "4వ గ్రేడుకు భిన్నాల మీద 8 లెక్కలు, కిరాణా కొట్టు నేపథ్యంతో ఇవ్వు" అని అడిగి, జవాబులు మీ చేత్తో సరిచూసుకుని, కాగితం మీద రాసి ఇవ్వండి.

సమయం. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటలోపే తెర ఉండాలని కెనడా పిల్లల వైద్యుల సంఘం సలహా. 2024 సెప్టెంబరు నుంచి ఒంటారియో బడుల్లో 6వ గ్రేడు వరకు పిల్లలు బడి సమయమంతా ఫోను శబ్దం ఆపి, కనబడకుండా దాచిపెట్టుకోవాలి. బడి పాటిస్తున్న క్రమశిక్షణను ఇంట్లో భోజనం బల్ల దగ్గరైనా పాటిద్దాం. ఇందులో మన ఫోనూ లెక్కకొస్తుంది.

ఇంకో మాట. 2023 అక్టోబరులో టొరంటో లైబ్రరీ కంప్యూటర్ వ్యవస్థ మీద దాడి జరిగి, వెబ్‌సైటు, కంప్యూటర్లు నెలల తరబడి అందుబాటులో లేకుండా పోయాయి. శాఖలు మాత్రం తెరిచే ఉన్నాయి, పుస్తకాలు ఇస్తూనే ఉన్నారు. మన ఇళ్లలో కూడా అలాగే ఉండాలి. నెట్ లేని రోజున కూడా పాఠం ఆగకుండా నాలుగు పుస్తకాలు, ఒక తెల్లకాగితాల కట్ట, రంగు పెన్సిళ్లు చేతికందేలా ఉంచండి.

ఈ వారం చేయవలసింది

ఆదివారం రాత్రి: ఈ వారం బడిలో ఏ పాఠమో పిల్లల్ని అడగండి. చెప్పలేకపోతే టీచరుకు రాయండి.

సోమవారం రాత్రి: ఆ పాఠానికి ఒక్క వనరు ఎంచుకోండి. ఒకటి చాలు. 15 నిమిషాలు మీరు నేర్చుకోండి.

బుధవారం సాయంత్రం: పిల్లల పక్కన కూర్చుని 10 నిమిషాలు తెర మీద, 20 నిమిషాలు కాగితం మీద చేయండి. చివర్లో "ఇప్పుడు నువ్వు నాకు నేర్పు" అనండి. వాళ్లు చెప్పగలిగితే వచ్చినట్టే.

శనివారం: ఆ పాఠాన్ని ఇంటి బయట ఒకచోట చూపించండి. కిరాణా కొట్టులో తూకం కావచ్చు, బస్సు టైమ్‌టేబుల్ కావచ్చు, సరస్సు ఒడ్డు కావచ్చు.

సహవాసంలో చర్చకు ప్రశ్నలు

1. మీ పిల్లలు చదువులో ఏదైనా అర్థం కానప్పుడు మొదట ఎవరిని అడుగుతారు? గత ఏడాదికీ ఇప్పటికీ అందులో తేడా వచ్చిందా?

2. మీ ఇంట్లో పిల్లలు వాడే చదువు యాప్‌లలో మీరు స్వయంగా ఒక పాఠం పూర్తి చేసినవి ఎన్ని?

3. మన సంఘంలో లెక్కలు, సైన్సు, సంగీతం, తెలుగు బాగా వచ్చినవారు ఎవరెవరు? నెలకు ఒక గంట పిల్లలకు, ఇంకో గంట తల్లిదండ్రులకు నేర్పమని వారిని అడగగలమా?

4. మన మధ్య ఉన్న పెద్దవారిలో ఎవరు వచ్చే వారం ఒక పాపతో కలిసి రెండు భాషల పుస్తకం చదవడానికి సిద్ధంగా ఉన్నారు?

మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఒక తల్లి గళ్ల గుణకారం నేర్చుకుంటే ఒక ఇల్లు బాగుపడుతుంది. ఆమె దాన్ని ఆరాధన అయ్యాక మరో నలుగురు తల్లులకు చెప్తే నాలుగు ఇళ్లలో పిల్లలు మళ్లీ లెక్కలు పట్టుకుని అమ్మ దగ్గరికి వస్తారు.